ఆరు బోల్టులున్న ప్రతి రిమ్మూ మన ట్రక్కుకి పట్టదు

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. ఖమ్మం కుర్రాడు, డాలస్ ఉత్తరాన మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాడు. కొత్తగా సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాడు, నా దానిలాగే 2018 మోడల్. "అన్నా, ఒకాయన షెవర్లే సిల్వరాడో మీంచి తీసిన రిమ్ములు, టైర్లతో సహా ఆరు వందల డాలర్లకి ఇస్తానంటున్నాడు. టైర్లు చూస్తే కొత్తవే. వాటికీ ఆరు బోల్టులే, మనకీ ఆరే. పడతాయి కదా?" అన్నాడు. అప్పటికే డబ్బు జేబులో పెట్టుకుని సగం దారిలో ఉన్నాడు. ఎక్కడున్నావో అక్కడే ఆగమన్నాను.

పట్టవు. ఎఫ్-150 రిమ్ము 6×135. సిల్వరాడో 1500 రిమ్ము 6×139.7. మొదటి అంకె బోల్టుల సంఖ్య, రెండోది ఆ బోల్టులన్నిటి గుండా గీసిన వృత్తం అడ్డకొలత, మిల్లీమీటర్లలో. తేడా 4.7 మిల్లీమీటర్లు. రెండు రిమ్ములు పక్కపక్కన పెట్టినా కంటికి ఆనదు. ఆనకపోవడమే ప్రమాదం. ఒక్కో బోల్టు దగ్గర రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా కాబట్టి, మధ్య రంధ్రం పెద్దదై బండికి ఎక్కే రిమ్మైతే, నట్లు బిగించే గన్ పెట్టి బలవంతంగా లాగితే ఒకటి రెండు నట్లు పట్టినట్టే పడతాయి. కానీ రిమ్ముకి ఆనే నట్టు కోను ఒక పక్కనే ఆనుతుంది, నట్టు ఎక్కే మరల కడ్డీ (స్టడ్) వంగుతుంది, ఏదో ఒక రోజు హైవే మీద తెగుతుంది.

నేను టైర్ల మధ్య పెరిగినవాణ్ణి. చిలకలూరిపేటలో హైవే పక్కన మా నాన్నకి లారీ టైర్ల రీట్రెడింగ్ షాపు (అరిగిన టైర్లకి కొత్త పొర వేసేది) ఉండేది. బడి నుంచి రాగానే నా పని టైర్ల గోడల మీద అక్షరాలు చదివి పుస్తకంలో రాయడం. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయినా ఆ అలవాటు పోలేదు. పార్కింగులో నిలబడి పక్కవాళ్ల టైరు చదువుతుంటాను. మన తెలుగువాళ్లు టెక్సాస్‌లో ఈ మధ్య చాలామంది పికప్‌లు కొంటున్నారు, కొన్న ఆరు నెలలకి రిమ్ములూ టైర్లూ మార్చాలనుకుంటున్నారు. అది మంచి సరదానే. నేనూ మార్చాను. ఏ వరసలో చూసుకోవాలో తెలీక డబ్బు, అంతకన్నా ముఖ్యంగా ప్రాణం, పణంగా పెడుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

బోల్టుల కొలత

ఆరు బోల్టుల రిమ్ము కొలవడం తేలిక. ఒక రంధ్రం బయటి అంచు నుంచి, సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచు దాకా టేపు పెట్టండి. వచ్చేదే ఆ వృత్తం అడ్డకొలత. మధ్యబిందువులు వెతుక్కోనక్కర్లేదు. ఐదు బోల్టులదైతే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి ఇలా కుదరదు, బండి పుస్తకంలో చూసుకోవడమే మేలు.

మనవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే ట్రక్కులవి చెబుతాను. సిల్వరాడో, సియెర్రా 1500లు 6×139.7. టయోటా టకోమా కూడా అంతే. 2019లో వచ్చిన కొత్త రూపు రామ్ 1500 కూడా 6×139.7, కానీ దాని ముందు తరం 5×139.7. టండ్రా 2007 నుంచి 2021 దాకా 5×150, 2022 నుంచి 6×139.7. అంటే పేరు ఒకటే అయినా ఏడాది మారితే బోల్టులు మారతాయి. "టండ్రా రిమ్ములు" అని ఎవరైనా అమ్మకానికి పెడితే ముందు అడగాల్సింది ఏ ఏడాదివి అని.

కొన్ని రిమ్ములకి పన్నెండు రంధ్రాలు ఉంటాయి. 6×135కీ 6×139.7కీ రెండిటికీ పట్టేలా చేసినవి. వాడొచ్చు. కానీ వాటిలో ఇంకో సంగతి ఉంది, అదే మధ్య రంధ్రం.

మధ్య రంధ్రం, నట్లు

రిమ్ము నడుమ ఉన్న పెద్ద రంధ్రం హబ్బు మీద, అంటే ఇరుసు చివర చక్రాన్ని బిగించే గుండ్రటి భాగం మీద, కూర్చుంటుంది. ఎఫ్-150 హబ్బు 87.1 మిల్లీమీటర్లు. సిల్వరాడో రిమ్ము రంధ్రం 78.1. కాబట్టి ఖమ్మం కుర్రాడు చూసిన రిమ్ములకి బోల్టులు కలిసినా హబ్బు మీదకి ఎక్కేవే కాదు.

చిన్నదైతే ఎక్కదు కాబట్టి వెంటనే తెలుస్తుంది. పెద్దదైతేనే తిప్పలు. బయటి కంపెనీలు ఒకే రిమ్ముని నాలుగైదు రకాల ట్రక్కులకి అమ్మాలని మధ్య రంధ్రం పెద్దగా, చాలావాటికి 106 మిల్లీమీటర్లు, పెడతాయి. 2023 దాకా వచ్చిన టకోమా హబ్బు 106.1. ఫోర్డుకి వేస్తే చుట్టూ దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నింపడానికి ఒక రింగు వేయాలి. బయట 106.1, లోపల 87.1. నలభై డాలర్ల లోపే సెట్టు దొరుకుతుంది. అల్యూమినియంవి తీసుకోండి. బాగా లోడు లాగి బ్రేకులు వేడెక్కితే ప్లాస్టిక్‌వి వంగుతాయి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొత్త రిమ్ములు వేయించిన మర్నాడు 60 మైళ్లు దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వేసిన షాపుకి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బ్యాలెన్సింగ్ చేశారు, మూడుసార్లూ మెషీన్ మీద సున్నా చూపించింది, మూడుసార్లూ రోడ్డెక్కితే వణికింది. నాలుగోసారి వెళ్లలేదు. గ్యారేజీలో జాకీ వేసి చక్రం విప్పితే లోపల రింగు లేదు. పెట్టెలో ఇచ్చిన నాలుగు రింగుల్లో ఒక్కటీ వేయలేదు. వేసి, నట్లు చేత్తో పట్టించి, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించాను. వణుకు ఆ రోజుతో పోయింది. కోను నట్లు సరిగ్గా బిగిస్తే రింగు లేకపోయినా రిమ్ము మధ్యలోనే కూర్చుంటుందని కొందరంటారు. పక్కాగా బిగించే చెయ్యి ఉంటే నిజమే. హడావిడిగా గన్‌తో కొట్టేచోట మాత్రం రింగే దిక్కు.

నట్లు కూడా చూడండి. మన ఎఫ్-150 స్టడ్ 14 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1.5. 2023 దాకా వచ్చిన టకోమా స్టడ్ 12 మిల్లీమీటర్లు. నట్టు రిమ్ముకి ఆనే భాగం మూడు రకాలు: 60 డిగ్రీల కోను, గోళీలా గుండ్రంగా ఉండేది, కింద వాషరుతో బల్లపరుపుగా ఉండేది. టయోటా వాళ్ల ఒరిజినల్ అల్లాయ్‌లు చాలావాటికి వాషరు రకం వస్తుంది. బయటి రిమ్ములు దాదాపు అన్నీ కోను రకమే. పాత నట్లతోనే కొత్త రిమ్ము బిగించేస్తామని ఎవరైనా అంటే, రంధ్రం లోపల నట్టు ఎక్కడ ఆనుతుందో చూపించమనండి.

ఆఫ్‌సెట్: అసలు కష్టం ఇక్కడే

బోల్టులు కలిశాయి, హబ్బు కలిసింది. రిమ్ము బిగుస్తుంది. బిగిసినంత మాత్రాన పట్టినట్టు కాదు. లోపల స్ట్రట్‌కి (సస్పెన్షన్ కడ్డీకి), బయట ఫెండర్‌కి (మడ్‌గార్డ్‌కి) తగలకుండా తిరగాలి.

రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడిమధ్య ఒక గీత గీశామనుకోండి. ఆ గీతకీ, రిమ్ము హబ్బుకి ఆనే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. ఆ ముఖం గీతకి వీధి వైపు ఉంటే ప్లస్. ఇంజిన్ వైపు ఉంటే మైనస్. ప్లస్ ఎక్కువైతే చక్రం లోపలికి పోతుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది. ఈ అంకె రిమ్ము వెనకవైపు ఈటీ అనే అక్షరాల పక్కన పోతపోసి ఉంటుంది.

లెక్క ఎవరైనా చేసుకోవచ్చు. రిమ్ము వెడల్పుని 25.4తో గుణించి సగం చేయండి. ఆ సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే వీధి వైపు కొలత. సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలి వైపు కొలత. నా ట్రక్కుతో వచ్చిన రిమ్ము 18 అంగుళాలది, వెడల్పు ఏడున్నర, ఆఫ్‌సెట్ ప్లస్ 44. వెడల్పు 190.5 మిల్లీమీటర్లు, సగం 95. వీధి వైపు 51, లోపలికి 139.

మొదట నేను మనసు పారేసుకున్న రిమ్ము తొమ్మిది అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ సున్నా. చక్రం నిండుగా బయటికి వచ్చి చూడ్డానికి ఎంత బాగుంటుందో! లెక్క వేస్తే వీధి వైపు 114 వచ్చింది. అంటే పాతదానికంటే 63 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళాలు, బయటికి. అంత బయటికొస్తే మూడు నష్టాలు. చక్రం తిరిగేటప్పుడు గీసే చాపం పెద్దదై టైరు వెనక అంచు ఫెండర్ లైనర్‌ని (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగుని) గీకుతుంది. బరువు పడే చోటు బేరింగు నుంచి దూరం జరిగి బేరింగూ బాల్ జాయింట్లూ త్వరగా అరుగుతాయి, గతుకుల్లో స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది. ఇక రాళ్లూ బురదా తిన్నగా డోర్ల మీదకి కొడతాయి. నల్ల ట్రక్కు ఉన్నవాళ్లకి ఆ మూడోది ఒక్కటే చాలు.

తర్వాత తొమ్మిది అంగుళాల ప్లస్ 18 చూశాను. వీధి వైపు 96, అంటే 45 మిల్లీమీటర్లు బయటికి. చివరికి తీసుకున్నది ఎనిమిదిన్నర వెడల్పు, ప్లస్ 30. వీధి వైపు 78, లోపలికి 138. బయటికి 27 మిల్లీమీటర్లు, అంగుళం పైచిలుకు. లోపల ఉన్న చోటు దాదాపు ఉన్నట్టే ఉంది. చూడ్డానికి చక్రం ఫెండర్‌తో సమంగా నిలబడింది, స్టీరింగ్ పాత పద్ధతిలోనే ఉంది. ఎఫ్-150కి షాక్ అబ్సార్బర్లు, స్ప్రింగులు మార్చకుండా వేసేవాళ్లకి నా సలహా ప్లస్ 25కి తగ్గొద్దని.

పాత మెకానిక్కులు ఆఫ్‌సెట్ అనరు, బ్యాక్‌స్పేసింగ్ అంటారు. రిమ్ము వెనక అంచు నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా కొలత, అంగుళాల్లో. రిమ్ముని బోర్లా పెట్టి, పైన ఒక బద్ద అడ్డంగా వేసి, బద్ద నుంచి ఆ ముఖం దాకా టేపు దించితే వస్తుంది. నా పాత రిమ్ముది ఇంచుమించు ఆరు. పైన లెక్కలో వచ్చిన 139 మిల్లీమీటర్లు ఐదున్నరే, మిగతా అర అంగుళం టైరు కూర్చునే చోటు దాటి ఉన్న రిమ్ము అంచు. వాడిన రిమ్ములు కొనేటప్పుడు అమ్మేవాళ్లకి ఆఫ్‌సెట్ తెలీకపోతే ఇలా కొలుచుకోండి.

మీ బండికి ఎంత చోటుందో తెలుసుకోవాలంటే, చదునైన నేల మీద బండి పెట్టి, ఒక దారానికి నట్టు కట్టి ఫెండర్ అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు గోడకీ మధ్య ఎంతుందో కొలవండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి లోపల వేళ్లు పెట్టి చూడండి, ఎక్కడ ఇరుకుందో తెలుస్తుంది. పావుగంట పని.

టైరు సైజు

నా ట్రక్కుతో వచ్చిన టైరు 275/65ఆర్18. 275 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 18 రిమ్ము. గోడలు రెండు కాబట్టి 275లో 65 శాతాన్ని రెట్టింపు చేసి, 18 అంగుళాలని మిల్లీమీటర్లు చేసి కలిపితే టైరు మొత్తం ఎత్తు 815 మిల్లీమీటర్లు, 32 అంగుళాలు. నేను వేసింది 275/70ఆర్18. అది 842, అంటే 33 అంగుళాలు.

ఒక్క అంగుళమే. కానీ దాని ప్రభావం బండి అంతటా కనిపిస్తుంది. ఎత్తు 3.4 శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటర్ 70 చూపిస్తే అసలు వేగం 72 దాటింది. గేరు కూడా అంతే మేర బరువెక్కింది. నా వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.55, పెద్ద టైరుతో అది 3.43తో సమానం. ఖాళీగా తిరిగేవాళ్లకి తెలీదు. నేను రెడ్ రివర్ వైపు ఐదెకరాలు పెట్టుకున్నాను, బెండ, గోంగూర వేస్తాను. చిన్న ట్రాక్టరుని ట్రెయిలర్ మీద ఎక్కించి లాగుతాను. ఎత్తెక్కేటప్పుడు ఇదివరకటి కంటే ఒక గేరు కిందకి దిగుతోంది. పైగా దృఢమైన టైరు కాబట్టి చక్రానికి పదిహేను పౌన్ల పైనే బరువు పెరిగింది. మైలేజీ గ్యాలన్‌కి రెండు మైళ్లు పడిపోయింది. తెలిసే ఒప్పుకున్నాను, మీరూ తెలిసి ఒప్పుకోండి.

35 అంగుళాల టైర్ల మీద చాలామందికి మోజు. ముందువైపు రెండంగుళాలు లేపే లెవలింగ్ కిట్ వేసినా లోపల లైనర్ ఎక్కడో ఒకచోట కోయాల్సి రావచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్లి వారాంతం పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్లే బండికి 33 చాలు.

టైరుకీ రిమ్ముకీ కూడా పొత్తు కుదరాలి. ప్రతి టైరుకీ ఎంత వెడల్పు రిమ్ము మీద వేయొచ్చో కంపెనీ చెబుతుంది. నేను తీసుకున్న ఎల్‌టి (లైట్ ట్రక్) రకం 275/70ఆర్18కి ఏడు నుంచి ఎనిమిదిన్నర అంగుళాలు. అందుకే తొమ్మిది అంగుళాల రిమ్ముని అంత ఇష్టపడీ వదిలేశాను. షాపువాళ్లు తొమ్మిది మీద కూడా ఎక్కిస్తారు, ఎక్కుతుంది కూడా. ఎక్కడం వేరు, బీడింగు, అంటే రిమ్ముని పట్టుకునే టైరు అంచు, లోడు కింద పట్టు వదలకుండా ఉండడం వేరు.

తయారీ తేదీ చూడకుండా టైరు కొనకండి. టైరు గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి: 2323 అంటే 2023లో 23వ వారం. ఖమ్మం కుర్రాడు పంపిన ఫొటోలో "కొత్త" టైర్ల మీద 1116 అని ఉంది. అరుగుదల లేదు నిజమే, కానీ అవి 2016 మార్చిలో పోసిన టైర్లు. టెక్సాస్ ఎండకి రబ్బరు గట్టిపడి గోడల్లో సన్న చీలికలు వస్తాయి.

బరువు, గాలి

ఇక్కడ నిదానంగా చదవండి. చూడ్డానికి బాగుండటం గురించి ఎవరైనా చెబుతారు, దీని గురించి షాపుల్లో దాదాపు ఎవరూ చెప్పరు.

మా నాన్న పంచర్ వేసి గాలి కొడుతూ అనేవారు: "బరువు మోసేది టైరు కాదురా, టైరులో గాలి. టైరు ఆ గాలిని పట్టుకుంటుంది, అంతే." చిన్నప్పుడు మాటగా విన్నాను. ఎల్‌టి టైర్లు కొన్నప్పుడు లెక్కగా అర్థమైంది.

డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. ఒక్కో ఇరుసు గరిష్ఠంగా ఎంత మోయాలో, కంపెనీ టైరు సైజేదో, చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంతో అందులో ఉంటాయి. నాది వెనక ఇరుసు 3,800 పౌన్లు, గాలి 35 పీఎస్ఐ. మొదట రిమ్ము సంగతి చూద్దాం. రిమ్ము వెనక గరిష్ఠ లోడు పోతపోసి ఉంటుంది. రెండు రిమ్ములు కలిపి ఇరుసు బరువుని మించాలి. 2,500 ఉంటే రెండూ కలిపి 5,000, హాయి. చవకగా దొరికే కొన్నిటి మీద 1,850 ఉంటుంది. రెండూ కలిపి 3,700, నా ఇరుసుకి చాలవు. కార్ల కోసం పోసిన రిమ్ముని ట్రక్కు బోల్టులతో అమ్మినవి అవి. అసలు ఏ అంకే లేని రిమ్ము అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు టైరు. పాత 275/65ఆర్18 ప్యాసింజర్ రకం. లోడు సూచిక 116, అంటే 2,756 పౌన్లు. ప్యాసింజర్ టైరుని ట్రక్కుకి వేస్తే ఆ అంకెని 1.10తో భాగించాలని అమెరికా నిబంధన. వచ్చేది 2,505. ఈ బరువు అది మామూలు 35 గాలితోనే మోస్తుంది.

అదే కొలత ఎల్‌టి రకంలో, సి శ్రేణిలో (ఎంత గాలి, ఎంత లోడు తట్టుకుంటుందో చెప్పే అక్షరం) తీసుకుంటే సూచిక 113, అంటే 2,535 పౌన్లు. అదీ 50 గాలితో. మళ్లీ చదవండి. పాత టైరు 35తో మోసే బరువు మోయడానికి, దానికంటే మందంగా, దృఢంగా కనిపించే ఈ టైరుకి 50 కావాలి. ఇ శ్రేణి తీసుకుంటే 80 గాలితో ఇంకా చాలా మోస్తుంది, కానీ 50 దగ్గర అదీ అంతే మోస్తుంది. మందపాటి గోడ ఎక్కువ గాలిని పట్టుకోవడానికే, దానంతట అది బరువు మోయదు.

షాపులో ఏం చేస్తారు? డోరు స్టిక్కర్ చూసి 35 కొట్టి పంపుతారు. నాకూ అదే కొట్టారు. ఖాళీ బండికి ఏం కాదు. నేను మర్నాడు ట్రాక్టరు తగిలించేవాణ్ణి. తక్కువ గాలితో లోడు లాగితే గోడ ప్రతి చుట్టుకీ మడతపడి లేస్తుంది, వేడెక్కుతుంది, జూలైలో తారురోడ్డు మీద ఆ వేడికి పొరలు విడిపోతాయి. టైరు కంపెనీలు లోడు-గాలి పట్టికలు ఇస్తాయి. నా కొత్త సైజుకి ఆ 2,505 దాటాలంటే పట్టికలో 50 దగ్గర తేలింది. అదే పెడుతున్నాను. కొంచెం గట్టిగా ఎగురుతుంది. ఫరవాలేదు.

ఇదంతా పుస్తకం లెక్క అనుకునేవాళ్లు 2000 సంవత్సరం గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. వాటిలో చాలా వరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవి. టైర్ల పై పొర ఊడి బండ్లు పల్టీలు కొట్టాయి, ఎంతోమంది చనిపోయారు. ఆ బండికి కంపెనీ చెప్పిన గాలి 26. టైరు లోపంతో పాటు ఆ తక్కువ గాలి మీద కూడా పెద్ద వాదన నడిచింది. ఆ ఏడాదే చట్టం వచ్చింది. 2008 మోడల్ నుంచి ఇక్కడ ప్రతి కారులో, పికప్‌లో కనిపించే గాలి హెచ్చరిక దీపం దాని ఫలితమే.

ఆ దీపాన్ని కూడా నమ్ముకోవద్దు. స్టిక్కర్ మీది గాలికంటే 25 శాతం తగ్గితే అది వెలుగుతుంది. 35కి అంటే 26 దగ్గర. మీ కొత్త టైరుకి 50 కావాలి, దీపం మాత్రం 26 దాకా చల్లగా కూర్చుంటుంది. ఫోర్డు ఉన్నవాళ్లు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్, బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ అడాప్టర్‌తో ఆ హద్దునీ, టైరు చుట్టుకొలతనీ మార్చుకోవచ్చు. చుట్టుకొలత మారిస్తే స్పీడోమీటర్ కూడా సరవుతుంది. చేతకాకపోతే డీలర్ చేస్తాడు. ఏదీ చేయకపోయినా ఇరవై డాలర్ల గేజి కొని పదిహేను రోజులకోసారి పొద్దున్నే, బండి కదలక ముందు చూసుకోండి. పదిడిగ్రీల ఫారన్‌హీట్ చల్లబడితే గాలి ఇంచుమించు ఒకటి తగ్గుతుంది.

80 దాకా గాలి పెట్టే ఆలోచన ఉంటే వాల్వు కూడా మార్పించండి. మామూలు రబ్బరు వాల్వు 65 దాకానే.

బిగించే రోజు

హబ్బు ముఖం మీద తుప్పు ఉంటే వైరు బ్రష్‌తో గీకండి. స్టడ్‌లకి నూనె, గ్రీజు పూయకండి. పూస్తే టార్క్ రెంచ్ (ఎంత బిగువుందో చెప్పే పానా) చెప్పే అంకె తప్పుతుంది, స్టడ్ సాగుతుంది. బిగువు ఎఫ్-150కి 150 ఫుట్-పౌన్లు, సిల్వరాడో 1500కి 140. ముందు చేత్తో పట్టించి, ఎదురెదురుగా సగం, తర్వాత బండి నేల మీద దించి పూర్తిగా.

బయటికి వెళ్లే ముందు స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి. వెనక్కి వచ్చేటప్పుడే ఎక్కువగా గీకుతుంది. తర్వాత ఒక ముందు చక్రాన్ని నెమ్మదిగా ఫుట్‌పాత్ అంచు మీదకి ఎక్కించి మళ్లీ తిప్పండి. సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు కూడా తగలకపోతే నిజంగా పట్టినట్టు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి భద్రతా తనిఖీ ఎత్తేశారు. ఇంతకుముందు ఏటా ఒకసారి ఎవరో ఒకరు కిందకి వంగి చూసేవారు. ఇప్పుడు మనమే చూసుకోవాలి.

స్టెప్నీ మర్చిపోకండి. ట్రక్కు వెనక తొట్టి కింద వేలాడే ఆ చక్రం పాత సైజుదే ఉండిపోతుంది. నాలుగు చక్రాల డ్రైవులో వేరే ఎత్తు చక్రం వేసుకుని పరిగెత్తితే గేర్లు నలుగుతాయి. పంచర్ అయితే టూ-వీల్ డ్రైవులో నెమ్మదిగా దగ్గరి షాపు దాకా వెళ్లడానికే వాడండి. స్టెప్నీ రిమ్ముకి కొత్త నట్లు ఆనకపోతే, పాత నట్లు ఆరు, పానాతో పాటు సీటు కింద పెట్టుకోండి.

ఊళ్లో వీ-క్రాస్, హైలక్స్ కొన్న బంధువులూ అడుగుతుంటారు. లెక్క అక్కడా ఇదే. ఇసుజు వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. అదీ, హైలక్సూ రెండూ 6×139.7. కానీ వీ-క్రాస్ హబ్బు 100.1, హైలక్స్ 106.1. అందుకే హైలక్స్ రిమ్ము రింగు వేసి వీ-క్రాస్‌కి పెట్టొచ్చు, వీ-క్రాస్ రిమ్ము హైలక్స్‌కి ఎక్కదు. ఆఫ్‌సెట్ మాత్రం విడిగా లెక్క వేసుకోవాల్సిందే.

ఖమ్మం కుర్రాడు ఆ ఆరు వందలు ఖర్చు పెట్టలేదు. రెండు వారాలు వెతికి, వేరొక ఎఫ్-150 మీంచి తీసిన కంపెనీ 18 అంగుళాల రిమ్ములు కొన్నాడు, ఏడున్నర వెడల్పు, ప్లస్ 44. వాటి మీద 275/70 ఎల్‌టి టైర్లు, తేదీ ఆరు నెలల లోపు. మా గ్యారేజీలోనే ఇద్దరం కలిసి బిగించాం, గాలి 50 పెట్టాం. చక్రం విప్పితే నూరు మైళ్ల లోపు నట్లు మళ్లీ చూడమని ఫోర్డు పుస్తకం చెబుతుంది. భార్యని, పాపని తీసుకుని లేక్ టెక్సోమా దాకా వెళ్లి, సాయంత్రం తిన్నగా మా ఇంటి ముందు ఆపాడు. బండి చల్లారాక టార్క్ రెంచ్ వాడి చేతికే ఇచ్చాను. ఇరవై నాలుగు నట్లలో మూడు కొంచెం కదిలాయి. మిగతావి టిక్కుమని ఆగాయి.